గృహిణీ విచారము: సగము వెలకు వచ్చు గొప్ప కారు

ఈ మాసము నాకు చేరిన లేఖలలో మా నర్సీపట్నపు సోదరి యొకరు వ్రాసినది మిగిలినవానికంటె దీర్ఘమైనది. అందలి చిక్కు ఆమె యొక్కతెదే కాదు. చేతిలో నాలుగు డబ్బులు మెదలుచున్న సంసారములలో ఇప్పుడు తఱచుగ వినబడుచున్నదే. కావున ఊరగాయల సంగతి పైమాసమునకు విడిచి ఈసారి దీనికే ప్రత్యుత్తర మిచ్చుచున్నాను. పేరు ప్రకటింపవలదని ఆమె కోరినది.

విషయ మిది. ఆమె భర్తగారు జీడిపప్పు వర్తకము చేయుదురు. ఇంట ఎనిమిదేండ్ల చిన్న కారు కలదు. పుట్టినింటివారు పసుపుకుంకుమలక్రింద ఇచ్చిన పొలమును నిరుడమ్మగా వచ్చిన 25 లక్షల రూపాయలు ఆమె పేర బ్యాంకులో నున్నవి. కుమార్తె మఱి రెండేండ్లకు పెద్ద చదువునకు పోవలసియున్నది. ఇట్లుండగా భర్తగారికి నక్షత్రపు గుర్తుగల కారుపై మనసు పడినది. కొత్తది అప్పుచేసి కొనవలెనా, లేక హైదరాబాదులో నొక మధ్యవర్తి చూపిన 2021 నాటి కారును 20 లక్షలకు తెచ్చుకొనవలెనా యని ఇంట చర్చ. "అక్కగారూ, రెండింటిలో ఏది మేలో చెప్పుడు. రెండును వలదనుటకు నాకు నోరు రాలేదు" అని ఆమె వ్రాసినది.

కారు కొనుట మగవారి వ్యవహారమని మనలో ననేకులు ప్రక్కకు తప్పుకొందురు. నగ చేయించునప్పుడు తరుగెంత, మజూరీ యెంత, మఱల అమ్మిన నేమి వచ్చునని కంసాలిని నిలదీసి యడుగు స్త్రీ, నగకంటె ఎన్నోరెట్లు వెలగల వస్తువునుగూర్చి యేల మాటాడరాదు? ఇదియు నట్టి లెక్కయే. తరుగు మాత్రము బంగారమునకంటె మిక్కిలి హెచ్చు.

మొదట ఈ కార్ల జాతి యెట్టిదో చూతము. జర్మనీ దేశపు గొప్ప కంపెనీలగు మెర్సిడెస్ బెంజి, బి.ఎమ్.డబ్ల్యు., ఆడి యనునవి తమ పెద్ద కార్లను కొనజాలనివారిని గూడ తమ గుమ్మములోనికి రప్పించుటకై చిన్నవానిని కొన్నింటిని చేసినవి. మన దేశమున ఆడివారి ఏ3 సెడాన్ 2014 ఆగస్టులో 22 లక్షల 95 వేల రూపాయలు మొదలుకొని అమ్మకమునకు వచ్చెను. దాని అమ్మకము కొన్నేండ్ల క్రిందటనే ఆగిపోయినది కాన వాడినవి మాత్రమే దొరకును. బి.ఎమ్.డబ్ల్యు. వారి 2 సిరీస్ గ్రాన్ కూపే 2020 అక్టోబరులో 39 లక్షల 30 వేలకును, మెర్సిడెస్ వారి ఏ-క్లాస్ లిమొసీన్ 2021 మార్చిలో 39 లక్షల 90 వేలకును వచ్చినవి. ఆ గ్రాన్ కూపేయే కొత్తరూపు దాల్చి 2025 జూలైలో 46 లక్షల 90 వేలకు విడుదలయ్యెను. ఇవి షోరూము ధరలు. వీనిపై రాష్ట్రపు జీవితకాలపు పన్ను, బీమా, ఇతరములైన ఖర్చులు చేరినచో కొత్త కారు ఇంటి ముంగిటికి వచ్చుసరికి యాబది లక్షలు దాటుట నిశ్చయము. గొప్ప కంపెనీలకు ఇది మొదటిమెట్టు, మనకది మేడమెట్టు.

వెలలో పన్ను భాగమెంతయో తెలిసినగాని బేరము తెలియదు. నాలుగు మీటర్లలోపు పొడవును, 1200 సి.సి.లోపు పెట్రోలు ఇంజనును (డీజిలైనచో 1500 సి.సి.లోపు) గల చిన్నకార్లపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతము, అంతకు మించినవానిపై 40 శాతము. పైన జెప్పిన కార్లు నాలుగు మీటర్లకు మించినవే కాన రెండవ తెగలో పడును. ఆ తేదీకి ముందు 28 శాతము పన్నును, దానిపై సెస్సును గలిసి, 45 మొదలు 50 శాతము వఱకు నుండెడిది. కొత్త కార్ల పన్ను తగ్గినదన్నమాట. వాడిన కారు కొనువారికిందులో నొక సూక్ష్మ మున్నది. అమ్మువాడు, "నేను పాత పన్ను కట్టి ఇంతకు కొంటిని" అని తాను పెట్టిన వెలనుండి లెక్క మొదలిడును. మీరు మాత్రము అట్టి కారే నేడు షోరూములో నేమి పలుకుచున్నదో దానినుండియే మొదలిడవలెను. వ్యాపారియొద్ద కొన్నచో ఈ పన్ను అతని లాభముపై మాత్రమే 18 శాతము. ఒక గృహస్థునొద్ద నేరుగ కొన్నచో ఆ పన్నే లేదు. మొత్తము వెలపై "జి.ఎస్.టి. అదనము" అని ఎవరైన చీటీ వ్రాసినచో ఒప్పుకొనకుడు.

ఇక తరుగు. బీమా కంపెనీలు కారునకు విలువ కట్టుటకు మన దేశమున నొక పట్టిక కలదు. కొన్న ఆరునెలలలోపు షోరూము ధరలో 5 శాతము తగ్గింతురు, ఏడాదిలోపు 15, రెండేండ్లలోపు 20, మూడేండ్లలోపు 30, నాలుగేండ్లలోపు 40, అయిదేండ్లలోపు 50. అంతకు పైబడినదానిని బేరముపై తేల్చుకొందురు. సంతలోని వెల ఇంతే యుండునని కాదు. మంచి గిరాకి గల సామాన్యపు కారు ఇంతకంటె మెల్లగను, గొప్ప కారు ఒక్కొక్కప్పు డింతకంటె వడిగను తరుగును. ఈ పట్టికనే నమ్మి 40 లక్షల కారును తీసికొందము. అయిదవ ఏడు నిండుసరికి అది 20 లక్షలు. పోయినవి 20 లక్షలు. అనగా ఏటికి నాలుగు లక్షలు, నెలకు ముప్పదిమూడు వేలు పైచిలుకు. ఇది పెట్రోలు పోయకయే, తాళము తీయకయే, షెడ్డులో నిలువబెట్టి యుంచినను పోవు ద్రవ్యము. కొన్ననాడు కట్టిన జీవితకాలపు పన్ను ఈ విలువలో చేరనే చేరదు.

కొత్తది అప్పుపై కొందమన్నచో దానికి వడ్డీ తోడగును. 30 లక్షలు నూటికి 9 చొప్పున అయిదేండ్లకు తీసికొన్నట్లు అనుకొన్నచో నెలవాయిదా 62 వేల 275 రూపాయలు. మొత్తము మీద వడ్డీయే 7 లక్షల 36 వేలు దాటును. జీడిపప్పు వర్తకమున ఒకయేడు పూత నిలుచును, ఒకయేడు మంచు తినివేయును. బ్యాంకువాని వాయిదా మాత్రము పూత చూచి రాదు. కావున కొత్తదానిని అప్పుపై కొనుట ఈ సంసారమునకు తగదని నేను తడుముకొనక చెప్పుదును.

"అట్లయిన సగము వెలకు వచ్చు పాతదే మేలు కదా, తరిగినదంతయు మొదటివాని నెత్తిన పోయినది కదా" అని భర్తగారి వాదము. వాదము బాగుగనే యున్నది. పెద్ద పట్టణమున, కంపెనీ మరమ్మతు కేంద్రము ప్రక్కవీథిలో నుండి, అదాటుగ వచ్చు ఖర్చుకు చేతిలో డబ్బుండువారికి అది నిజమే. కాని అందొక మెలిక యున్నది: వెల సగమైనది గాని కారు సగము కాలేదు. 40 లక్షల కారు ముందుదీపము 20 లక్షలకు కొన్ననాడును 40 లక్షల కారు ముందుదీపమే. సామాన్యపు కారున దీపము పోయిన బల్బు మార్చుదురు. వీనిలో తఱచు దీపపు అమరిక నంతటిని మార్చవలసివచ్చును. ముందరి అద్దమునకు కెమెరాయు, వానను కనిపెట్టు సాధనమును తగిలించియుందురు. అద్దము పగిలిన వాని లెక్కయు సరిచూడవలెను. పెక్కింటికి రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేరుబాక్సు ఉండును. అది రాజమార్గమున వెన్నవలె నడచును గాని, ఎక్కుడులో లారీ వెనుక అంగుళమంగుళముగ ప్రాకునప్పుడు క్లచ్చు జాఱి వేడెక్కును. అది చెడినప్పుడు వచ్చు చీటీ చూచి పెద్ద వర్తకులును కుర్చీలో కూలబడుదురు.

మన ఊరి మాటయు నాలోచింపుడు. నర్సీపట్నము జాతీయరహదారిపై నున్న ఊరు కాదు. ఇటు అనకాపల్లికో, అటు తునికో పోయి దానిని కలిసికొనవలెను. పడమటికి తిరిగినచో లంబసింగి, చింతపల్లి ఘాటు రోడ్డు. చలికాలమున చుట్టములు రాగానే మొదట అడుగునది ఆ ప్రయాణమే. ఈ సెడాన్లు నేలకు దగ్గఱగ నుండును. నిండుగ నెక్కినచో మన వీథుల గతుకులకును, ఎత్తైన స్పీడు బ్రేకరులకును అడుగు తగులును. మన బజారులోని మెకానిక్కుల చేతి నేర్పు తక్కువది కాదు. కాని ఈ కార్లు తమ జబ్బును చేతితో తాకిన జెప్పవు, తగిన కంప్యూటరు తగిలించినగాని నోరు విప్పవు. అందులకు విశాఖపట్నమునకు పోవలెను; ఎనుబది కిలోమీటర్లకు అటునిటుగ. కొన్ని కార్లలో స్టెప్నీయే యుండదు. గాలి పోయినను కొంతదూరము నడచు టైర్లు వేసి, గంటకు 80 కిలోమీటర్లు మించని వేగమున 80 కిలోమీటర్ల వఱకు పోవచ్చునని సాధారణముగ చెప్పుదురు. మన ఊరినుండి సరిగ విశాఖ పొలిమేర వఱకు లెక్క కుదిరినది, దైవము తోడుండవలెను.

డీజిలు కారైనచో మఱియొక సంగతి. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్.6 డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టు జల్లెడ యుండును. దూరప్రయాణమున వేడెక్కి ఆ మసి కాలిపోవలెను. బడికి, బజారుకు, గుడికి తిరుగుటతో సరిపెట్టిన జల్లెడ పూడుకొనును. ఊరిలో తిరుగుటకే ఐన పెట్రోలు మేలు. పెట్రోలులో నిప్పుడు నూటికి ఇరువదివంతుల ఇథనాలు కలియుచున్నది. దానికి తగినట్లుగ చేసిన కార్లు 2023 ఏప్రిల్ నుండి వచ్చినవి. అంతకు పూర్వపు కారైనచో దాని పుస్తకమున ఏ ఇంధనము వ్రాసినదో చదివించుకొనవలెను.

ఇంట పెద్దవారున్నచో వారిని తప్పక వెంట గొనిపోయి వెనుకసీటున కూర్చుండబెట్టి చూడుడు. ఈ చిన్న గొప్పకార్లకు వెనుకభాగమున కప్పు వాలియుండును, సీటు క్రిందికుండును. మోకాళ్ల నొప్పులుగల అత్తగారు చీర సవరించుకొని దిగుసరికి ఇద్దరు చేయి అందింపవలసివచ్చును. ముందుసీటు చూచి మురిసి కొన్నవారు ఈ సంగతి ఇంటికి వచ్చిన పిమ్మట గాని కనుగొనరు.

పాతదే కొనవలసివచ్చినప్పుడు పరీక్ష యెట్లన్నది ఇక చెప్పవలసిన ముఖ్యాంశము. భారతమున నలోపాఖ్యానము మనకందఱకు దెలిసినదే. బాహుకుడైయున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు బక్కచిక్కినట్లు కనబడు గుఱ్ఱములను తెచ్చినప్పుడు రాజు కోపించెను. నలుడు చూచినది కండ కాదు, వాని సుడులు. ఆ గుఱ్ఱములే ఒక్కదినమున విదర్భకు చేర్చినవి. నాకింకను ఇష్టమైన ఘట్టము దాని తరువాతిది. తోవలో రాజు తానిచెట్టునకు ఆకు లిన్ని, కాయ లిన్ని యని లెక్క చెప్పగా, నలుడు మెచ్చుకొని యూరకుండక చెట్టు కూల్చి లెక్కించి చూచెను. కారు కొనువారికి ఈ గుణములు రెండును కావలెను. మెఱుగు చూడరాదు, చెప్పిన లెక్కను లెక్కింపక నమ్మరాదు.

తిరిగిన మీటరును నమ్మవలదు. దానిని వెనుకకు త్రిప్పువారు కలరు. అమ్మువాని సమ్మతితో ఛాసిస్ నంబరు చెప్పి కంపెనీ మరమ్మతు కేంద్రమున సర్వీసింగు చరిత్ర అడిగినచో ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లుండెనో బయటపడును. మధ్యలో రెండేండ్లు ఖాళీ యున్నచో కారు ఆ రెండేండ్లు ఏమైనదో చెప్పవలసినవాడు అమ్మువాడే. టైరు ప్రక్కన నాలుగంకె లుండును: 2321 అన్నచో 2021వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున చేసినది. నాలుగు టైర్లు నాలుగు సంవత్సరములవైనచో, "ఎంతో తక్కువ తిరిగినది" అను మాటతో సరిపోల్చుకొనుడు. చల్లారిన ఇంజనును మీయెదుట మొదటిసారి తిప్పించుడు; మీరు వచ్చుసరికే వేడెక్కించి యుంచినచో మఱునాడు మఱల పొండు. తాళము తిప్పగనే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి ఆరిపోవలెను. అసలు వెలుగకున్నచో ఒకనాడది విచ్చుకొన్న తరువాత దీపమును మూసివేసిరేమో యని అనుమానింపవచ్చును.

నీట మునిగిన కారు అన్నింటికంటె అపాయము. 2015 డిసెంబరులో చెన్నపట్నమున, 2020 అక్టోబరులో హైదరాబాదున, 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో, ఎన్నెన్నో కార్లు మునిగినవి. బీమావారు పూర్తినష్టముక్రింద లెక్కకట్టి వేలమున విడిచినవి బాగుచేయబడి దూరపు ఊళ్లలో తేలుట కలదు. గొప్పకారునకు నరములవంటి తీగెలును, నేలదగ్గఱ అమర్చిన ఎలక్ట్రానిక్ పెట్టెలును మెండు. తడిసినవి ఆరినట్లే యుండి ఆరునెలలకు తుప్పు పట్టి ఒకటొకటిగ చెడును. అందులకు సీటుబెల్టును చివరవఱకు లాగి చూడుడు. దాని మొదట బురదచాఱ నిలిచియుండును. స్టెప్నీ గుంటలో చేయిపెట్టి చూడుడు. సీటు క్రింది బోల్టులకు తుప్పున్నదేమో, కార్పెట్టు ఎత్తిన ముక్కవాసన వచ్చునేమో కనుగొనుడు. ఉప్పుడుబియ్యపు బస్తా తడిసినదో లేదో వాసనతో పట్టగల మనకు ఈ పరీక్ష మగవారికంటె బాగుగ కుదురును.

కాగితముల మాట. హైదరాబాదు కారు తెలంగాణ రాష్ట్రపుది. అచ్చటి రవాణాశాఖనుండి ఫారము 28తో నిరభ్యంతర పత్రము తేవలెను. ఫారములు 29, 30లపై సంతకములు కావలెను. అప్పుండి తీరినదైనచో బ్యాంకు పత్రముతోబాటు ఫారము 35 కావలెను. ఇచ్చటికి వచ్చిన తరువాత మన రాష్ట్రపు జీవితకాలపు పన్ను కారు వయస్సునుబట్టి మఱల కట్టి కొత్త నంబరు తీసికొనవలెను. మధ్యవర్తి చెప్పిన 20 లక్షలలో ఈ పన్ను లేదని నేను రూఢిగ ననుకొనుచున్నాను, అడిగి చూడుడు. కొన్నవారు ముప్పది దినములలో యాజమాన్యపు మార్పును తెలుపవలెను. బీమాను పదునాలుగు దినములలో తమ పేర మార్పించుకొనవలెను. పాతవానికి వచ్చిన "క్లెయిము లేని తగ్గింపు" కారుతోబాటు మీకు రాదు. అట్లే, మీ పాత చిన్నకారు నమ్మునప్పుడు కొన్నవారి పేరునకు మాఱినదో లేదో చూచినగాని విడువకుడు. మాఱకున్న దాని ప్రమాదములకు రికార్డులోని యజమానియే బాధ్యుడని 2018లో సర్వోన్నత న్యాయస్థానము తీర్పుచెప్పినది.

సోదరి అడుగని ప్రశ్న యొకటి కలదు. ఆ ద్రవ్య మెవరిది? పసుపుకుంకుమల భూమి వెల స్త్రీధనము. మనువు ఆఱువిధములుగ చెప్పిన స్త్రీధనమున పుట్టినింటివారిచ్చినది చేరియేయున్నది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 14వ సెక్షను స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణాధికారము నిచ్చినది. స్త్రీధనముపై భర్తకు హక్కు లేదని 2024 ఏప్రిల్‌లో సర్వోన్నత న్యాయస్థానము మఱల చెప్పినది. యాజ్ఞవల్క్యుడు సహితము భర్త తిరిగి ఈయనక్కఱలేకయే స్త్రీధనమును వాడుకొనదగిన సందర్భములను నాలుగింటిని లెక్కించినాడు: దుర్భిక్షము, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. నక్షత్రపు గుర్తుగల కారు ఆ నాలుగింటిలో ఎందు చేరునో భర్తగారినే అడిగి చూడుడు, నవ్వుచునే అడుగుడు. ఆయన దుర్మార్గులని నేననుకొనను. సంపాదించినవారికి ఊరిలో పదిమంది చూడవలెనను ముచ్చట సహజము. కాని ఆ ముచ్చట ఖరీదు కుమార్తె చదువునుండి పోవుచున్నప్పుడు ఇంట నొకరైన నోరు తెఱవవలెను.

అడిగితిరి కాన నా అభిప్రాయము వ్రాయుచున్నాను. హైదరాబాదు మధ్యవర్తి కారు వలదు. అది అయిదవయేట కంపెనీ హామీ దాటిన కారు. దానికి ఖర్చు మొదలగు వయస్సు, మనము చేరదీయు వయస్సు ఒకటే యగుచున్నవి. ముచ్చట తీరకున్నచో ఏడాదో రెండేండ్లో ఆగి, ఆయన వర్తకపు లాభమునుండియే, కంపెనీవారు స్వయముగ పరీక్షించి హామీతో అమ్ము వాడిన కార్లలో రెండు మూడేండ్ల దానిని చూడవచ్చును. ఈ మూడు కంపెనీలకును అట్టి శాఖలు కలవు. అట్లు కొన్ననాడు మూడు లక్షలైన మరమ్మతులకని వేఱే ఖాతాలో వేసి, ఆ మూడు లక్షలను గూడ కారు వెలలోనే లెక్కింపవలెను. అంతవఱకు ఇప్పటి అవసరమునకు, 18 శాతము పన్ను తెగలోని కొత్తకారు నొకదానిని, మన ఊరనో అనకాపల్లిలోనో బాగుచేయించుకొనదగినదానిని చూచుకొనుడు. మీ 25 లక్షలు అమ్మాయి కళాశాలలో చేరువఱకు బ్యాంకులో నున్నచోటనే యుండనిండు.

చివరకు మీ ధనములో నొక్క లక్షయైన ఏ కారునందైనను పడినచో రిజిస్ట్రేషను మీపేర చేయింపుడు. 2021 నుండి ఆర్.సి.లో నామినీ పేరు వ్రాయించు వీలు గూడ కలిగినది. ఆ గడియలో అమ్మాయి పేరు వ్రాయింపుడు.